ఇంట్లోనే కారు పని – 3వ భాగం: కారు లేపడం, చక్రం మార్చడం

పోయిన భాగంలో డిక్కీ ఖాళీ చేసి స్టెప్నీ, జాకీ, పానా బయటికి తీసి చూసుకున్నాం కదా. స్టెప్నీలో గాలి తక్కువున్న వాళ్లు ఈపాటికి కొట్టించే ఉంటారు, కొట్టించకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఈసారి నిజంగానే కారు లేపుతున్నాం.

చాలామందికి టెన్షన్ బరువు గురించి. జాకీ ఆగుతుందా, విరుగుతుందా అని. కారుతో వచ్చిన కత్తెర జాకీ ఆ కారు ఒక మూల బరువు కోసమే చేసింది, సరైన చోట పెడితే దాని పని అది చేస్తుంది. అసలు ప్రమాదం వేరు. కారు లేచి ఉండగా ముందుకో వెనక్కో ఒక బెత్తెడు కదిలితే చాలు, జాకీ ఒరిగిపోతుంది, కారు కూలబడుతుంది. అందుకే ఈ పాఠంలో సగానికి పైగా జాకీ తిప్పకముందు చేసే పనే ఉంటుంది. చక్రం విప్పి బిగించడం దాని పక్కన చిన్న విషయం.

ముందు చోటు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో గట్టి సిమెంటు గచ్చు ఉంటే అంతకంటే మంచి చోటు లేదు, నీడ కూడా ఉంటుంది. సెల్లార్ ర్యాంపు మీద మాత్రం వద్దు. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల లాంటి కొండవార వీధుల్లో కంటికి చదునుగా కనిపించే రోడ్డు కూడా వాలుగానే ఉండొచ్చు. ఒక చెంబెడు నీళ్లు నేల మీద పోసి చూడండి, గబగబా ఒక పక్కకి పారితే అక్కడ కారు లేపొద్దు. ఇక మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండకి తారు మెత్తబడుతుంది, జాకీ పాదం అందులోకి దిగబడుతుంది. పేవర్ బ్లాకులు ఇసుక మీద పరిచినవి కాబట్టి బరువంతా ఒకే చోట పడితే అవీ కుంగుతాయి. ఈ రెండు చోట్లా తప్పదనుకుంటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, అడుగు చదరం ఉన్నది, జాకీ కింద వేసుకోండి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు పేర్చి ఎత్తు చేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అవి ముందు చెప్పి పగలవు. గుంటూరు వైపు నల్లరేగడి ఖాళీ స్థలాల్లో బండి పెట్టుకునేవాళ్లకి ఒకటే మాట: ఎండితే నెర్రెలు, తడిస్తే బురద, కాబట్టి చెక్క ముక్కని నమ్మకుండా బండిని గచ్చు మీదికి తెచ్చుకోండి.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే హ్యాండ్ బ్రేక్ సంగతి. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మన చిన్న కార్లు దాదాపు అన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. మామూలుగా హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలని, గేరు పట్టేది ముందు చక్రాలని. ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచిందనుకోండి, బండి గేరులో ఉన్నా దానివల్ల లాభం లేదు, ఎందుకంటే ఆ రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది (రెండు చక్రాలనీ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక), గాల్లో ఉన్న చక్రం ఒక వైపు తిరుగుతుంటే నేల మీద ఉన్నది రెండో వైపు దర్జాగా దొర్లిపోగలదు. ఆటోమేటిక్‌లో పార్క్‌లో పెట్టినా ఇదే కథ. అంటే ముందు చక్రం మార్చేటప్పుడు కారుని ఆపి ఉంచేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. దాని కేబుల్ వదులైపోయిందా లేదా అన్నది ముందే చూసుకోవాలి: కొద్దిగా వాలున్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీది కాలు మెల్లగా తీయండి. బండి కదిలితే ముందు మెకానిక్ దగ్గరికి.

హ్యాండ్ బ్రేక్ బాగానే ఉన్నా దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. మొదటి గేరో రివర్సో వేయండి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. ఎడమ ముందు చక్రం లేపుతుంటే కుడి వెనక చక్రానికన్నమాట. లారీ క్లీనర్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకునే ఏటవాలు చెక్క దిమ్మలాంటిది వడ్రంగి అడ్డాలో అడిగితే కోసిస్తారు. కార్లో ఎవరూ కూర్చోకూడదు, పిల్లలు చుట్టుపక్కల ఉండకూడదు.

నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, పూర్తిగా విప్పకుండా అరచుట్టు చాలు. మారుతి చిన్న కార్లకి ఎక్కువగా 19 సైజు పానా, హ్యుందాయ్‌కి 21. బిగుసుకుపోయి ఉంటే కండ బలంతో లాగకండి, పానా అడ్డంగా ఉండేలా తగిలించి పైనుంచి ఒంటి బరువు వేసి నొక్కండి. కారు లేపాక ఈ బలప్రయోగం చేస్తే జాకీ మీద కారు ఊగుతుంది, అందుకే ముందే చేయమంటున్నది.

జాకీ పెట్టే చోటు డోరు కింద అంచులో ఉంటుంది, ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు. చేత్తో తడిమితే రేకు అంచు మీద రెండు గాట్లు తగులుతాయి. జాకీ తల మీది గాడిలో ఆ రెండు గాట్ల మధ్య రేకు కూర్చోవాలి. ప్లాస్టిక్ పట్టీ మీద, ఇంజిన్ ఆయిల్ చాంబర్ కింద పెట్టారో ఖర్చు చేతికొస్తుంది. ఎలక్ట్రిక్ కార్లవాళ్లు ఇంకా జాగ్రత్త, నేలకింద బ్యాటరీ ఉంటుంది, కంపెనీ చూపించిన చోటు తప్ప ఎక్కడా పెట్టొద్దు.

మెల్లగా తిప్పండి. జాకీకి బరువు తగలగానే ఆపి లేచి దూరం నుంచి చూడండి. నిటారుగా ఉందా? ఒరిగి కనిపిస్తే కాలితో తన్ని సరిచేయకుండా దించి మళ్లీ పెట్టండి. టైరు నేలని వదిలి రెండు వేళ్ల ఎత్తు వచ్చేదాకా లేపితే సరిపోతుంది, పంచరైన టైరు తీసి నిండు టైరు పెట్టేటప్పుడు ఇంకొంచెం కావాలి. స్టెప్నీని డోరు కింద, జాకీ పక్కన పడుకోబెట్టండి, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. పాత చక్రం ఊడాక దాన్ని అక్కడ తోసి స్టెప్నీ తీసుకోండి. చక్రం తుప్పుకి అతుక్కుపోతే కారు పైన ఉండగా గుంజొద్దు, నట్లు వేళ్లతో పెట్టి, కారు దించి, జాకీ తీసేసి, అడ్డు చెక్కలు తొలగించి, ఓ జానెడు ముందుకీ వెనక్కీ కదిపితే సాధారణంగా వదులుతుంది. మళ్లీ లేపే ముందు చెక్కలు మర్చిపోకండి.

ఎంత చిన్న పనికైనా సరే, జాకీ మీద ఉన్న కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు. ఈ మాటకి మినహాయింపులు లేవు.

కొత్త చక్రం పెట్టేటప్పుడు నట్టు సన్నగా ఉన్న వైపు రిమ్‌లోకి వెళ్లాలి. మొదట వేళ్లతో, తర్వాత పానాతో, ఎదురెదురుగా బిగించండి, వరసగా కాదు. అసలు బిగింపు కారు దించాకే. చాలా చిన్న కార్లకి బిగింపు బలం (టార్క్) 100 న్యూటన్ మీటర్ల చుట్టూ కావాలి, మీ కారు అంకె మాన్యువల్‌లో చూడండి. పానా చేయి 25 సెంటీమీటర్లుంటే చివర 40 కిలోల బరువు వేసినట్టు. పైకెక్కి గెంతితే బోల్టు దెబ్బతింటుంది. నట్లకి ఆయిల్ పూయొద్దు. గుంటూరు వెళ్లి వచ్చేంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి, కొన్ని కాస్త వదులవుతాయి. సన్న స్టెప్నీ అయితే గంటకి 80 దాటొద్దు.

వచ్చే భాగంలో ట్రాలీ జాకీ, స్టాండ్లు, నాలుగు టైర్లూ అటూ ఇటూ మార్చుకోవడం. స్టాండ్లు కొనాలనుకుంటే ఆటోనగర్‌లో చూడండి, ఎంత బరువు మోస్తాయో రాసి ఉన్నవే తీసుకోండి. ఈలోపు ఇంటిపని: చక్రం విప్పకుండా కారుని ఒక్కో మూల లేపి దించండి, నాలుగు మూలలూ.