1922 నాటి మూకీ ‘రాబిన్‌హుడ్’ను ఇంట్లో ఎలా చూడాలి?

హాలీవుడ్ నటుడు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ‘రాబిన్‌హుడ్’ పెట్టుకుని అరగంటకే ఆపేసినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో సినిమాపిచ్చి ఉన్నవాళ్ళే ఎక్కువ. చెదలు పట్టినట్టుండే ప్రింటు, పరుగులు తీసే మనుషులు, సీనుకు సంబంధం లేని పియానో మోత, వీటన్నిటి మధ్య ఎంత మంచి బొమ్మయినా తేలిపోతుంది. ముందుగా కాస్త ఏర్పాటు చేసుకుని కూర్చుంటే, ఒక నటుడు నోరు మెదపకుండా ఒంటితోనే కథంతా నడిపించడం కళ్ళారా చూడొచ్చు. కాంతారావు కత్తియుద్ధాలు చూస్తూ పెరిగినవాళ్ళయితే అసలు వదులుకోకూడదు.

1. మంచి ప్రింటు వెతకండి

అమెరికాలో ఈ సినిమాకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుకని యూట్యూబ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరికి దొరికిన కాపీని వాళ్ళు పెట్టేశారు. మొదట కనిపించినదాన్ని నొక్కేయకండి. మూడు నాలుగు కాపీలు తెరిచి, ఒక్కోదాన్ని రెండు నిమిషాలు చూడండి. ముఖాల్లో కళ్ళు, కనుబొమలు స్పష్టంగా తెలుస్తున్నాయా? సీన్ల మధ్య మాటలు చూపే టైటిల్ కార్డుల మీది అక్షరాలు చదవగలుగుతున్నారా? నిడివి రెండు గంటలు దాటిందా? గంటన్నరలోపే అయిపోతోందంటే రీళ్ళు ఎగిరిపోయి ఉండాలి, లేదా వేగం పెంచేసి ఉండాలి.

బొమ్మకు రెండువైపులా నల్లటి పట్టీలు కనిపిస్తే అలాగే ఉండనివ్వండి. ఆ రోజుల్లో ఫ్రేము వెడల్పు తక్కువ. టీవీ నిండా సాగదీస్తే గుర్రాలు కూడా బొద్దుగా కనిపిస్తాయి. రాత్రి సీన్లు నీలంగా, దీపాల వెలుగు సీన్లు పసుపుగా ఉన్నా కంగారుపడక్కర్లేదు. మూకీల కాలంలో ప్రింట్లకు అలా రంగు అద్దేవారు. అద్దకం ఉన్న కాపీ దొరికితే అదే ఎంచుకోండి.

2. వేగం సరిచూసుకోండి

మూకీ సినిమా అనగానే అందరూ గబగబా నడుస్తారనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. నిజానికి 1922లో థియేటర్లో కూర్చున్నవాళ్ళు చూసింది వేరు. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి సెకనుకు ఇన్ని ఫ్రేములని గట్టి లెక్క లేదు. 24 ఫ్రేములు స్థిరపడింది టాకీలు వచ్చాకే. 18 ఫ్రేముల లెక్కన తీసిన బొమ్మను 24 మీద ఆడిస్తే గంట కథ 45 నిమిషాల్లో ముగుస్తుంది, మనుషులు కీలుబొమ్మలైపోతారు.

మీ కాపీ అలా ఉందేమో తేల్చుకోవడం తేలికే. కత్తియుద్ధాలను చూసి నిర్ణయించకండి, వాటిని కావాలనే కొంచెం చురుగ్గా కనిపించేలా తీసేవారు. మామూలుగా నడిచే సేవకులను, కిందికి జారే బట్టను చూడండి. అవి తొందరపడుతున్నట్టు అనిపిస్తే ప్లేయర్ వేగాన్ని 0.75కి దించండి. సంగీతం సాగినట్టు వినిపిస్తే శబ్దం పూర్తిగా తీసేయండి.

3. సంగీతం

ఈ చిత్రం తొలి ప్రదర్శన 1922 అక్టోబరు 18న హాలీవుడ్‌లోని ఈజిప్షియన్ థియేటర్లో జరిగింది. విక్టర్ షెర్ట్‌జింగర్ దీనికోసం ప్రత్యేకంగా సంగీతం కూర్చాడు. కాబట్టి నిశ్శబ్దంగా చూడాల్సిన సినిమా కాదిది. మీ కాపీలో సంగీతం బాగోలేకపోతే ఏదైనా వాద్యబృందం రికార్డింగును పక్కన పెట్టుకోండి. పాటలు మాత్రం వద్దు. మాట చెవిన పడగానే చూపు తెర మీదనుంచి తప్పుకుంటుంది.

4. మొదటి సగానికి ఓపిక పట్టండి

అసలు పరీక్ష ఇక్కడే. రాబిన్‌హుడ్ కోసం కూర్చుంటే, దాదాపు సగం సినిమా అయ్యేదాకా రాబిన్‌హుడ్ రాడు! అప్పటిదాకా అతను హంటింగ్‌డన్ ప్రభువు, రిచర్డ్ రాజుకు కుడిభుజం. కోటలో పోటీలు, ఆడవాళ్ళంటే బెదిరే ఆ వీరుడికి మేరియన్‌తో పుట్టే ప్రేమ, క్రూసేడు యుద్ధానికి బయల్దేరే సైన్యం, వెనక రాజ్యాన్ని పీడించే రాజు తమ్ముడు జాన్. ఈ నలుగురి ముఖాలు గుర్తుపెట్టుకుంటే చాలు: రిచర్డుగా వాలెస్ బీరీ, మేరియన్‌గా ఎనిడ్ బెనెట్, జాన్‌గా శామ్ డి గ్రాస్, హంటింగ్‌డన్‌గా ఫెయిర్‌బ్యాంక్స్.

ఈ సగాన్ని దాటేసి ముందుకు జరపకండి. ఇక్కడ ఫెయిర్‌బ్యాంక్స్ కవచం బరువులో, సభామర్యాదల్లో బిగుసుకుపోయి ఉంటాడు. ఆ బరువు మన కంటికి అలవాటైతేనే, తర్వాత అడవిలో అతను గాల్లోకి లేచినప్పుడు మనకూ ఊపిరాడినట్టు ఉంటుంది. నా సలహా: రెండు సాయంత్రాలుగా చూడండి. హంటింగ్‌డన్ రాబిన్‌హుడ్‌గా మారేచోట ఆపి, మర్నాడు అక్కడినుంచి మొదలుపెట్టండి. కథకుడిగా తెర మీద ఎల్టన్ థామస్ అన్న పేరు కనిపిస్తే, అది కూడా ఫెయిర్‌బ్యాంక్సేనని తెలుసుకోండి. ఆయన పుట్టినప్పుడు పెట్టిన పేరులోంచి తీసుకున్న కలంపేరది.

5. రెండో సగంలో ఒళ్ళంతా చూడండి

టాకీలకు అలవాటుపడ్డ కన్ను ముఖం మీదే నిలుస్తుంది. ఇక్కడ చూపు కాళ్ళ మీదికి, భుజాల మీదికి దింపండి. రాబిన్, అతని అనుచరులు అడవిలో నడవరు, గంతులేస్తారు. మొదట వింతగా ఉంటుంది. పది నిమిషాలయ్యాక, భయం వదిలేసిన మనుషుల నడక ఇలాగే ఉండాలనిపిస్తుంది.

రెండు చోట్ల తప్పకుండా వెనక్కి తిప్పి చూడండి. ఒకటి, పైకి లేస్తున్న కోటవంతెన గొలుసు పట్టుకుని రాబిన్ ఎగబాకడం. రెండోది, శత్రువుల చేతికి చిక్కబోతూ, ఎత్తయిన వసారా మీంచి కోట గోడకు వేలాడే పెద్ద తెర మీదికి దూకి నేలదాకా సర్రున జారిపోవడం. ఆ తెర మడతల్లో దర్శకుడు అలన్ డ్వాన్ ఒక జారుడుబల్ల దాయించాడు, పిల్లల పార్కుల్లో ఉండేలాంటిదే. అంత భారీ కోట కట్టించి, అందులో ఇలాంటి ఆటవస్తువు దాచాలన్న ఆలోచన నాకెంతో నచ్చుతుంది. కిటుకు తెలిసినా ఆ జారడంలోని ఉత్సాహం ఇసుమంత తగ్గదు. అప్పటికి ఫెయిర్‌బ్యాంక్స్ వయసు నలభైకి దగ్గరపడింది!

6. పిల్లలుంటే ఒకరు కథ చెప్పాలి

మూకీల రోజుల్లో మన హాళ్ళలో తెర పక్కన నిలబడి, టైటిళ్ళు చదివి కథ చెప్పేవాళ్ళు ఉండేవారు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కార్డు పడగానే ఒక్క ముక్కలో తెలుగులో చెప్పేయాలి. పదానికి పదం అక్కర్లేదు. “రాజుగారికి కోపమొచ్చింది” అంటే చాలు, మిగతాది వాలెస్ బీరీ చూసుకుంటాడు.

7. ఆ తర్వాత

దీని వెంటనే ఎరల్ ఫ్లిన్ నటించిన 1938 నాటి రంగుల రాబిన్‌హుడ్ చూడండి. అందులో రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ వేషం వేసిన అలన్ హేల్‌ను మీరు వెంటనే గుర్తుపడతారు. 1922 మూకీలో హంటింగ్‌డన్ వెంట తిరిగిన లిటిల్ జాన్ కూడా ఆయనే.