రాకెట్ చిప్ కోడ్‌లో చెయ్యి పెట్టే ముందు

రాకెట్ చిప్‌ని తొలిసారి తెరిచినవాళ్ళు అందులో ప్రాసెసర్ కోసం వెతుకుతారు. ఉండదు. ఉండేది ప్రాసెసర్ డిజైన్‌ని తయారుచేసే ప్రోగ్రాం, స్కాలా భాషలో, చిజెల్ అనే హార్డ్‌వేర్ లైబ్రరీతో రాసింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ప్రాసెసర్ ఆదేశాల ప్రమాణం) జెనరేటర్‌కి ఒక కాన్ఫిగ్, అంటే సెట్టింగుల జాబితా, ఇస్తే 32 బిట్ల బుల్లి కోర్ వస్తుంది, మరోటి ఇస్తే లినక్స్ నడిపే 64 బిట్ల కోర్ వస్తుంది. అందుకే పనితీరు మార్చకుండా కోడ్ శుభ్రం చేద్దామని ఒక్క లైను సర్దినా ఎన్ని చిప్‌లు మారాయో కంటికి కనబడదు.

నేను ఏ ఫైలు ముట్టుకున్నా ముందు పాత కోడ్ నుంచి టైనీకాన్ఫిగ్, డిఫాల్ట్‌కాన్ఫిగ్, డ్యూయల్‌కోర్‌కాన్ఫిగ్‌లకు వెరిలాగ్ (జెనరేటర్ బయటికిచ్చే సర్క్యూట్ వివరణ) తీసి పక్కన పెట్టుకుంటాను. మార్పు అయ్యాక మళ్ళీ తీసి రెండింటి మధ్య తేడా (డిఫ్) చూస్తాను. మొదటిసారి గుండె గుభేలుమంటుంది. చాలావరకు ఉత్తుత్తి తేడాలే! దాదాపు ప్రతి లైను చివర అది ఏ స్కాలా ఫైల్లో ఎన్నో లైను నుంచి వచ్చిందో కామెంట్ ఉంటుంది. పైన ఒక ఖాళీ లైను కలిపినా ఆ నంబర్లన్నీ జరిగిపోతాయి. కామెంట్లు తీసేసి పోల్చండి. స్కాలాలో వాల్ (వేరియబుల్ లాంటిది) పేరు మారిస్తే వెరిలాగ్‌లోనూ పేరు మారుతుంది కాబట్టి పేర్ల మార్పు ఒక కమిట్ (విడిగా భద్రపరిచే మార్పు), లాజిక్ సర్దుబాటు వేరే కమిట్. రెండూ కలిపిన ప్యాచ్ వస్తే నేనైతే చదవకుండానే వెనక్కి పంపుతాను. లాజిక్ కమిట్‌లో ఇంకా తేడా మిగిలితే ఆ ఒక్క మాడ్యూల్‌ని యోసిస్ అనే టూల్‌లో ఈక్వివలెన్స్ చెక్‌కి (పాతదీ కొత్తదీ ఒకేలా పనిచేస్తాయో లేదో తేల్చే పరీక్షకి) ఇవ్వండి. రిజిస్టర్ల పేర్లు మారకపోతే త్వరగా తేలుతుంది.

ఈ క్రమశిక్షణ నాకు ఊరికే రాలేదు. ఒకసారి పెద్ద 'సి'తో మొదలయ్యే పాత చిజెల్ ఇంపోర్ట్‌ని చిజెల్3కి మారుస్తున్నాను. పాతది కలపని వైర్లను చూసీ చూడనట్టు వదిలేసేది, కొత్తది ఎర్రర్ ఇస్తుంది. విసుగొచ్చి ఐవో (మాడ్యూల్‌లోకి వచ్చే, బయటికి వెళ్ళే వైర్లు) మొత్తానికి పైనే డోంట్‌కేర్, అంటే 'విలువ ఏదైనా ఫరవాలేదు' అన్న గుర్తు, పెట్టేశాను. ఎర్రర్లు పోయాయి, ప్రాణం హాయిగా ఉంది. కానీ ఎడిటింగ్‌లో టీఎల్‌బీ (వర్చువల్ మెమరీ అడ్రసులను అసలు అడ్రసులుగా మార్చే చిన్న పట్టిక) నుంచి, అందులో లేని అడ్రసుని మెమరీలో వెతికే పేజ్ టేబుల్ వాకర్‌కి వెళ్ళే రిక్వెస్ట్ వాలిడ్ ('అడుగుతున్నాను' అనే సిగ్నల్) లైను ఎగిరిపోయింది, దాన్నీ డోంట్‌కేర్ కప్పేసింది. టైనీకాన్ఫిగ్‌లో వర్చువల్ మెమరీ లేదు, అన్నీ పాస్. డిఫాల్ట్‌లోనూ వర్చువల్ మెమరీ వాడని 'పి' టెస్టులు పాస్. దాన్ని వాడే 'వి' టెస్టులు మాత్రం టైమ్‌అవుట్ దాకా కదల్లేదు. రెండు రాత్రులు వేవ్‌ఫామ్ (సిగ్నళ్ళు కాలంతో ఎలా మారాయో చూపే గ్రాఫ్) చూస్తే సున్నా దగ్గరే కూర్చున్న ఆ వాలిడ్ కనబడింది. అప్పటినుంచి డోంట్‌కేర్ ఒక్కో సిగ్నల్‌కే, పక్కన కారణం రాసి మరీ.

డిప్లమసీ (చిప్‌లోని భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలవాలో తేల్చే రాకెట్ చిప్ లైబ్రరీ) జోలికి వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి: నోడ్లు, అంటే ఆ భాగాల కలిసే చోట్లు, ముందు పారామీటర్లు మాట్లాడుకుంటాయి, హార్డ్‌వేర్ తర్వాతే పుడుతుంది. ఎడ్జ్ (రెండు నోడ్ల మధ్య లింకు) వివరాలు కావాల్సిన కోడ్ లోపలి మాడ్యూల్‌లోనే ఉండాలి. 'లేజీ వాల్ మాడ్యూల్'లో లేజీ అనవసరమనిపించి తీసేస్తే ఆ వరుస చెడుతుంది.

చిజెల్ వెర్షన్ పెంచాలంటే 3.6 దగ్గర ఆగండి. అందులో చిజెల్ డిజైన్‌ని వెరిలాగ్‌గా మార్చే పాత స్కాలా ఫర్టిల్ కంపైలర్, దాని బదులు వచ్చిన కొత్త సర్క్ట్ రెండూ పనిచేస్తాయి. 5లో పాతది లేదు. 3.6లోనే సర్క్ట్‌కి మారి, టెస్టులన్నీ పాసయ్యాక 5కి వెళ్ళండి. పాత కంపైలర్ కోసం ఎవరో రాసిన ట్రాన్స్‌ఫామ్‌లు (కంపైల్ మధ్యలో డిజైన్‌ని మార్చే కోడ్ ముక్కలు) మూలన పడి ఉంటే అవి బయటపడేదీ ఇక్కడే.