ఊరి నీటి లెక్క తీయడం ఎలా: ఒక్క సబ్జెక్టు చదివినోళ్లతో అయ్యే పని కాదు

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పిల్లలు ప్రాజెక్టు టాపిక్ చెప్పమని అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. "వాతావరణ మార్పు, దాని ప్రభావాలు" అని వంద పేజీలు కొట్టకండి, ఒక ఊరు పట్టుకుని దాని నీటి లెక్క తీయండి. అనంతపురం వైపు బోర్ల మీద బతికే ఊరు దొరికితే మరీ మంచిది. వాన లెక్క, రాయి లెక్క, పంట లెక్క, అప్పు లెక్క, కరెంటు లెక్క అన్నీ ఒకే బోరు గుంతలో వచ్చి పడతాయి కాబట్టి, ఏ ఒక్క సబ్జెక్టూ నాకు సంబంధం లేదని తప్పించుకోలేదు.

ముందు ప్రశ్న సరిగ్గా పెట్టుకోండి. "మా ఊళ్లో నీటి సమస్య" అంటే అది ప్రశ్న కాదు, నిట్టూర్పు. "ఈ రబీలో మన ఊళ్లో ఏ పంట ఎన్ని ఎకరాలకు నీళ్లు చాలతాయి?" అని అడగండి. దీనికి జవాబు చెప్పాలంటే వాన కొలిచినోడు, రాళ్ల గురించి తెలిసినోడు, వ్యవసాయం చదివినోడు, ఊరి జమాఖర్చులు తెలిసినోడు ఒక చోట కూర్చోక తప్పదు. ప్రశ్న వదులుగా ఉంటే ఎవరి చాప్టరు వాళ్లు రాసిచ్చేసి వెళ్లిపోతారు, చివర్లో పిన్ను కొట్టే పని మీకు మిగులుతుంది.

ఇదేమీ కొత్తగా ఫారిన్ నుంచి దిగిన ఆలోచన కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు తవ్వించినప్పటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. అంగాల్లో జలశాస్త్రం తెలిసిన పండితుడున్నాడు, గట్టి నేల ఉంది, తియ్యటి నీళ్ల నది ఉంది, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన కూలీలు, డబ్బూ మనసూ ఉన్న రాజు కూడా ఉన్నారు. దోషాలు ఇంకా బాగుంటాయి: కట్ట నుంచి ఊట కారడం, చవుడు నేల, నీళ్లు కొంచెం ఆయకట్టు ఎక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఆ చివరిది చూశారా! ఇంజనీరింగు, నేల, పంటతో పాటు రాజకీయం కూడా అదే వరసలో నిలబడింది. మనం ఇప్పుడు దాన్నే మల్టీడిసిప్లినరీ అంటున్నాం.

టీమ్ విషయానికొస్తే అయిదుగురు చాలు. భూగర్భ జలాలు చదివిన ఒకరు, వ్యవసాయం ఒకరు, ఎకనామిక్సో సోషియాలజీనో ఒకరు, మ్యాపులూ శాటిలైటు బొమ్మలూ చూడగలిగే ఒకరు. అయిదో మనిషి మాత్రం ఊరి మనిషే అయ్యుండాలి. చెరువు ఊరైతే నీరుగట్టి (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి), బోర్ల ఊరైతే మోటార్లు బాగుచేసే మెకానిక్. మెకానిక్‌ను తక్కువ చేయకండి. ఎవరి బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎన్నో స్టేజీది, ఏ సంవత్సరం ఎన్ని పైపులు కిందికి దించారు, ఇవన్నీ ఆయనకు నోటికొచ్చు. ఏ ఆఫీసు ఫైల్లోనూ అంత చరిత్ర దొరకదు.

ఇక కొలవడం. వానకు పంచాయతీ ఆఫీసు మీదో బడి మీదో ఒక వానమాని (రెయిన్ గేజి) పెట్టి రోజూ ఉదయం 8:30కి రీడింగు రాయండి, వాతావరణ శాఖ వాళ్లు కొలిచేదీ అదే టైముకి. చెట్టు కింద, గోడ పక్కన పెట్టొద్దు. బోరు మట్టం కొలవడంలో అసలు కష్టం ఉంది. నడిచే బోర్లో టేపు వదిలితే పైపుకీ కేబులుకీ చుట్టుకుని రాదు, రైతు తిడతాడు, న్యాయమే. మోటారు తీసేసిన పాత బోర్లో, వాడకంలో లేని బావుల్లో ఊరి నలుమూలలా ఓ పది ఎంచుకోండి. స్టీలు టేపు చివర మీటరు పొడవునా సుద్ద రాసి దించండి. పైకి తీశాక సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి, టేపు పట్టుకున్న చోటి రీడింగులోంచి తడిసినంత మేర తీసేస్తే మట్టం వచ్చేస్తుంది. పక్క బోర్లకు కరెంటు వచ్చేలోపు కొలవాలి. మేం ఒక ఊళ్లో ఈ పని చేసినప్పుడు మొదటి నెల ఇది తట్టక, చుట్టూ మోటార్లు ఆడుతుండగా మధ్యాహ్నం కొలిచి, నీళ్లు ఒక్క నెలలో అంత పడిపోయాయా అని హడలిపోయాం.

దానికంటే పెద్ద పొరపాటు యూనిట్లది. రైతు బోరు లోతు అడుగుల్లో చెప్తాడు, బోరు పోసే నీళ్లు ఇంచుల్లో చెప్తాడు ("రెండించులు పడినాయి సార్"), జియాలజీ అమ్మాయి మట్టం మీటర్లలో రాస్తుంది, అగ్రికల్చర్ అబ్బాయి పంట నీరు మిల్లీమీటర్లలో చెప్తాడు. మా ఎక్సెల్ షీటులో ఒకసారి అడుగులూ మీటర్లూ ఒకే కాలమ్‌లో కలిసిపోయి, దాని మీద గ్రాఫు గీసుకుని, రెండు వారాలు దాన్ని చూసి సిద్ధాంతాలు కూడా తయారుచేసుకున్నాం. అందుకే మొదటి రోజే ఒప్పందం చేసుకోండి: అందరి లెక్కా ఘనపు మీటర్లలోకి మారాలి, అంతే. రెండించుల సంగతి తేల్చడానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో టైము చూడండి.

ఇప్పుడు లెక్క చేద్దాం, ఒక ఊరిని ఊహించుకుని. ఊరి విస్తీర్ణం 1,000 హెక్టార్లు, ఆ ఏడు వాన 550 మి.మీ. మొత్తం పడింది 55 లక్షల ఘనపు మీటర్లు. వినడానికి సముద్రంలా ఉంటుంది. కానీ రాయలసీమ గ్రానైటు నేలల్లో అందులో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు. అంటే 5.5 లక్షలు. దీన్ని నమ్మేముందు ఇంకో దారిలో సరిచూడండి. మే చివరికీ నవంబరుకీ మధ్య బోర్ల మట్టం సగటున రెండున్నర మీటర్లు పైకొచ్చిందనుకోండి. కుళ్లిన గ్రానైటులో (పగుళ్లిచ్చి మెత్తబడిన రాయి) నీళ్లు చేతికొచ్చేది రాతి ఘనపరిమాణంలో నూటికి రెండు పాళ్లు అనుకుంటే, ఊరి విస్తీర్ణం మీద 5 లక్షలు వస్తుంది. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి, పర్లేదు. చాలా తేడా వస్తే లెక్క ఆపి కారణం వెతకాలి.

55 లీటర్ల చొప్పున 2,000 మందికి ఏడాది తాగునీరు, వాడకం నీరు 40 వేల ఘనపు మీటర్లు పక్కన పెట్టండి. మిగిలింది 5.1 లక్షలు. వరికి 1,200 మి.మీ. అనుకుంటే ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్లు, అంటే ఊరంతటికీ 105 ఎకరాలు. అదే వేరుశనగైతే 500 మి.మీ. లెక్కన 252 ఎకరాలు. ఖరీఫ్‌లో తోడేసింది ఇందులోంచి తీయాలి, వరి మడిలోంచి తిరిగి ఇంకేది కలపాలి, పశువులకు ఉంచాలి, అవన్నీ మీ జియాలజీ మనిషి సరిచేస్తుంది. కానీ ఈ 105, 252 అనే రెండు అంకెలు రచ్చబండ దగ్గర పెట్టి చూడండి, మాట ఎలా మారుతుందో.

మారిన మాట మొదట మీ మీదికే వస్తుంది. "మరి వేరుశనగ వేసి నష్టపోతే నువ్విస్తావా?" అంటారు. సైన్సు టీములు ఎక్కువగా ఇక్కడే జారుకుంటాయి, "అవగాహన కల్పించాలి" అని ఒక వాక్యం రాసి. రైతుకు అవగాహన లేక కాదు. వరికి మద్దతు ధరతో పాటు కొనే మనిషి ఉన్నాడు, గడ్డి బర్రెలకు పనికొస్తుంది, ఇంట్లో బియ్యం ఉంటాయి. వ్యవసాయానికి కరెంటు ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచే ఉచితం, కాబట్టి ఒక గంట ఎక్కువ తోడితే జేబుకు తెలియదు. మూడు బోర్లు ఫెయిలై నాలుగోది పడినవాడు వడ్డీ కట్టాలి కాబట్టి పడిన నీళ్లన్నీ ఈ ఏడే పిండుకుంటాడు. ఎకనామిక్స్ మనిషిని టీములో పెట్టుకున్నది దీనికే. ఎకరాకు ఎంత మిగిలిందని కాకుండా వెయ్యి ఘనపు మీటర్ల నీటికి ఎంత మిగిలిందో పంటపంటకీ లెక్కేయమనండి. కౌలు రైతుల్ని విడిగా అడగండి, భూమి యజమాని ముందు నోరు తెరవరు. ఆడవాళ్లను కూడా విడిగానే అడగండి. కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో మగవాళ్లు చెప్పే లెక్కకీ వీళ్లు చెప్పే లెక్కకీ పొంతన ఉండదు, బిందె మోసేవాళ్ల లెక్కే రాసుకోండి.

శాటిలైటు బొమ్మతో కూడా ఒక చిక్కుంది. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల బొమ్మలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగానే దొరుకుతాయి, ఫిబ్రవరి బొమ్మ తీసి పచ్చగా ఉన్నదంతా బోరు కింద పంట అనేస్తారు. రైతుల్ని అడిగితే అందులో సగం కూడా ఒప్పుకోరు. రెండూ కలిపి సగటు తీయకండి, నడిచి వెళ్లి చూడండి. కొంత సర్కారు తుమ్మ ఉంటుంది, చెరువు పొలమంతా అల్లుకుని. కొంత చీనీ (బత్తాయి) తోట ఉంటుంది. అది నిజంగానే నీళ్లు తాగుతుంది, పైగా వరిలాగా ఈ ఏడు మానేద్దామంటే కుదరదు, చెట్టు చచ్చిపోతుంది. కాబట్టి తోటల నీళ్లు కూడా తాగునీటిలాగే ముందే పక్కన పెట్టాలి. రెండు సబ్జెక్టుల జవాబులు కలవనప్పుడు అక్కడే కొత్త సంగతి బయటపడుతుంది.

వాతావరణ మార్పు ఎక్కడ అంటారా, ఇక్కడే ఉంది. 2050లో ఏమవుతుందో మోడళ్లు దించుకునే ముందు వెనక్కి చూడండి. వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచీ రోజువారీ వాన లెక్క, దేశాన్ని సుమారు 25 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గడిగడికీ ఉంది. మీ గడి తీసుకుని ఏడాది మొత్తం వానను పక్కన పెట్టి, 2.5 మి.మీ. దాటిన రోజులెన్ని, జూలై ఆగస్టుల్లో వాన లేని వరస ఎంత పొడవు అని చూడండి. 550 మి.మీ. నలభై రోజుల్లో పడటం వేరు, ఇరవై రోజుల్లో దంచి కొట్టడం వేరు. రెండో రకంలో ఎక్కువ నీళ్లు వంకల్లో పోతాయి, నా పదో వంతు లెక్క కూడా తప్పుతుంది. అందుకని లెక్క మామూలు ఏడుకి ఒకటి, కరువు ఏడుకి ఒకటి వేయండి.

లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడు కూడా పరీక్ష చేయించండి, తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయిన నల్గొండ కథ తెలిసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇదంతా జరిగే పనేనా అనే అనుమానం ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్, అంటే రైతులే భూగర్భ జలాల్ని చూసుకునే ప్రాజెక్టు, గురించి చదవండి. రైతులే వాన కొలిచారు, బోరు మట్టాలు కొలిచారు, రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరికీ ఆంక్ష లేదు, జరిమానా లేదు, అంకెలు అందరి ముందూ ఉండటమే.

మీరూ మీటింగు రబీ విత్తనానికి ముందే పెట్టండి, విత్తాక ఎంత గొప్ప లెక్క చెప్పినా ఎవరికీ అక్కర్లేదు. ఎవరి బోరు ఎంత తోడుతుందో పేరు పెట్టి మాత్రం చదవొద్దు, గొడవలవుతాయి, మొత్తాలే చెప్పండి. రిపోర్టు కాలేజీకివ్వండి, ఊరికి గోడ ఇవ్వండి: పంచాయతీ ఆఫీసు గోడకు నల్లబల్ల పెయింటు వేయించి, ఈ నెల వాన, పది బోర్ల సగటు మట్టం, మిగిలిన నీళ్లు అని మూడు గళ్లు గీయండి. సుద్దముక్కల డబ్బా ఎవరి దగ్గరుండాలో ఆ రోజే తేల్చుకోండి. మా ఊళ్లో మెకానిక్ దగ్గర పెట్టాం.