యూదు గ్రంథాలు, యూదు సమాజం: ఆన్‌లైన్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి

యూదుల గురించి తెలుగులో వెతికేవారికి ముందుగా ఎదురయ్యేవి చాలావరకు క్రైస్తవ ప్రసంగాలు, వ్యాఖ్యానాలు. వాటి విలువ వాటికి ఉంది. అయితే అవి యూదుల గురించి ఇతరులు చెప్పిన మాటలే గాని, తమ గ్రంథాలను యూదులు తాము ఎలా చదువుకుంటారో చెప్పేవి కావు. అది తెలుసుకోగోరేవారు సెర్చ్‌లో ప్రశ్న వేయడంతో కాక, ఒక గ్రంథంతోను, ఒక పంచాంగంతోను మొదలుపెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఏ వారం తోరాలో (మోషే ధర్మశాస్త్రంలో) ఏ భాగం చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ వరుసను పట్టుకుంటే చాలు, మీరు ఎక్కడ ఉన్నా వారి చదువు నడుస్తున్న చోటికే చేరతారు.

అంతకుముందు మాటల సంగతి చూసుకోవాలి. తెలుగు బైబిలు చదివినవారికి ఈ లోకం పూర్తిగా కొత్తది కాదు, కాని పేర్లు వేరు. విశ్రాంతి దినం షబ్బాత్, ధర్మశాస్త్రం తోరా, పస్కా పేసహ్, పర్ణశాలల పండుగ సుక్కోత్, ప్రాయశ్చిత్తార్థ దినం యోమ్ కిప్పూర్. వెతకవలసింది ఈ హీబ్రూ పేర్లతోనే. వీటి ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా ఒక్క తీరున ఉండవు: హనుక్కా అనే దీపాల పండుగ పేరును కొందరు హెచ్‌తో, కొందరు సీహెచ్‌తో మొదలుపెడతారు, తూర్పు యూరప్ ఉచ్చారణను అనుసరించేవారు షబ్బాత్‌ను షబ్బోస్ అంటారు. ఒక రూపంలో దొరకనిది మరో రూపంలో దొరుకుతుంది. అధ్యాయాల సంఖ్యలు కూడా కొన్నిచోట్ల మారతాయి. తెలుగు బైబిలులో మలాకీకి 4 అధ్యాయాలు, హీబ్రూ ప్రతిలో 3 మాత్రమే; ఏలీయాను పంపుతానన్న వచనం మనకు 4:5 అయితే అక్కడ 3:23. ఇది తెలియనివారు వచనం కనబడక, తాము చూస్తున్న ప్రతినే అనుమానిస్తారు.

గ్రంథానికి నేను ముందుగా సూచించేది సెఫారియా. 2011లో జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ ప్రారంభించిన ఈ ఉచిత గ్రంథాలయంలో తోరా, ప్రవక్తల గ్రంథాలు, మిష్నా (మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం), తల్మూద్ (మిష్నాపై పండితుల చర్చలు), మిద్రాష్ (లేఖనాలపై వివరణలు, కథలు), వాటిపై శతాబ్దాలుగా వచ్చిన వ్యాఖ్యానాలు హీబ్రూ, అరమాయిక్ మూలాలతో ఉన్నాయి. చాలావాటికి ఇంగ్లిష్ అనువాదాలు కూడా ఉన్నాయి. దీని గొప్పతనం పుస్తకాల సంఖ్యలో లేదు, వాటిని ఒకదానితో ఒకటి ముడివేసిన తీరులో ఉంది. ఆదికాండం మొదటి వచనం తెరిచి దాని మీద నొక్కండి. పక్కన వ్యాఖ్యాతల పేర్లు వరుసగా వస్తాయి. వారిలో 11వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని త్రోయ్ పట్టణంలో జీవించిన రాషీని ఎంచుకోండి. ఆయన మొదటి మాటే ఒక ప్రశ్న: తోరా ఆజ్ఞల గ్రంథం గదా, మరి ఇశ్రాయేలీయులకిచ్చిన మొదటి ఆజ్ఞతో, అంటే ఈ నెల మీకు నెలలలో మొదటిది అనే నిర్గమకాండం 12వ అధ్యాయపు మాటతో, మొదలుకాక సృష్టితో ఎందుకు మొదలైంది? ఆయన జవాబు అక్కడే చదవవచ్చు. తరువాత 13వ శతాబ్దపు రంబాన్‌ను తెరిస్తే, సృష్టి విశ్వాసానికే మూలమైనప్పుడు ఆ ప్రశ్న ఎలా పుడుతుందని ఆయన రాషీనే నిలదీస్తాడు. ఒక్క వాక్యం మీద ఇద్దరు పండితులు శతాబ్దాల ఎడంతో వాదించుకోవడం పది నిమిషాల్లో కళ్ళముందు కనబడుతుంది. యూదుల చదువు అంటే ఏమిటో ఏ పరిచయ వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు.

పంచాంగానికి హెబ్‌కాల్ సైటు చూడండి. ఊరి పేరుగా హైదరాబాద్ ఇస్తే ఇక్కడి సూర్యాస్తమయం ప్రకారం షబ్బాత్ కోసం శుక్రవారం దీపాలు వెలిగించే వేళను, ఆ వారపు తోరా భాగాన్ని, రాబోయే పండుగలను చూపిస్తుంది. వారి లెక్క తెలుగువారికి సులువుగానే అర్థమవుతుంది: నెలలు చంద్రుణ్ణి బట్టి, సంవత్సరం సూర్యుణ్ణి బట్టి, 19 ఏళ్ళలో 7 సార్లు అధిక మాసం. అయితే అధికమయ్యేది ఎప్పుడూ అదార్ మాసమే. రోజు సూర్యోదయంతో కాక సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రోజువారీ చదువు కావాలనుకునేవారికి దఫ్ యోమి ఉంది. రోజుకు ఒక తల్మూద్ ఆకు (రెండు వైపులా) చొప్పున 2,711 ఆకులను దాదాపు ఏడున్నర ఏళ్ళలో ముగించే ఈ పద్ధతి 1923లో మొదలైంది. 2020 జనవరి 5న ప్రారంభమైన 14వ ఆవృత్తి 2027 జూన్‌లో పూర్తవుతుంది. కొత్తవారికి తల్మూద్ కఠినం కాబట్టి వారానికొక తోరా భాగంతో మొదలుపెట్టడమే మేలు.

వివరణలు చదివేటప్పుడు అవి ఎవరివో గమనించాలి. ఖబాద్ సైటు ఆ పేరుగల హసీదిక్ (భక్తిప్రధానమైన) ఉద్యమానిది, కాబట్టి ఆచారాలను ఆర్థడాక్స్ దృష్టితో, అంటే సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించేవారి దృష్టితో చెబుతుంది. మై జ్యూయిష్ లెర్నింగ్ వేర్వేరు శాఖల అభిప్రాయాలను పక్కపక్కన పెడుతుంది. ఆచారాలను ఆధునిక కాలానికి తగ్గట్టు మార్చుకున్న రిఫార్మ్ ఉద్యమానికి తన సొంత సైటు ఉంది. ఒకే ఆచారంపై రెండు జవాబులు కనబడితే ఒకటి తప్పని తొందరపడకూడదు. అలాగే మెస్సియానిక్ అనే మాట ఉన్నచోట అది యేసును మెస్సీయగా నమ్మేవారి సైటని గుర్తించాలి. యూదు శాఖలేవీ దానిని తమలో భాగంగా అంగీకరించవు. మతం మారమని తొందరపెట్టే చోటికి దూరంగా ఉండండి. యూదులలో మతప్రచారం వాడుక కాదు. నిజమైన రబ్బీ (యూదు మతగురువు) ఎవరైనా, వచ్చినవారిని నిదానంగా ఆలోచించుకోమనే చెబుతారు.

చరిత్ర కావలసినవారికి తూర్పు యూరప్ యూదులపై యీవో సంస్థ విజ్ఞాన సర్వస్వం, హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల సంహారం) మృతుల పేర్లకు యాద్ వషేమ్ జాబితా ఉచితంగా దొరుకుతాయి. మన దేశపు సంగతులకు కలకత్తా యూదుల జ్ఞాపకాలను భద్రపరిచిన రీకాలింగ్ జ్యూయిష్ కలకత్తా చూడవచ్చు. కైరో సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) దొరికిన పాత కాగితాలను అందించే ప్రిన్స్‌టన్ గెనీజా ప్రాజెక్టులో, 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండి కంచు పనిశాల నడిపిన ట్యునీషియా వర్తకుడు అబ్రహాం బెన్ యీజూ ఉత్తరాలున్నాయి. వాటిని తెరిచిచూసినప్పుడు కలిగే ఆనందం వేరు.

చివరగా మనుషులు. యూదుల సంప్రదాయ చదువు ఇద్దరు కూర్చుని వాదించుకుంటూ చదివే హెవ్రూతా పద్ధతి. అందుచేత ఒక్కరే చదువుకోవడం కంటే ఆన్‌లైన్ తరగతిలో చేరడం మంచిది. ఆరాధన ఎలా ఉంటుందో చూడదలిస్తే న్యూయార్క్‌లోని సెంట్రల్ సినగాగ్ వంటి రిఫార్మ్ సినగాగ్‌లు ప్రత్యక్ష ప్రసారం ఇస్తాయి. ఆర్థడాక్స్ సినగాగ్‌లు షబ్బాత్ నాడు విద్యుత్ పరికరాలు వాడరు గనుక ఆ రోజు ప్రసారం చేయవు. తెలుగువారికి ఈ విషయంలో మరింత దగ్గరి బంధం ఉంది: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు సమాజం ఎఫ్రాయిం గోత్రపు వారసులమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వారిని వింతగా చూడటానికి కాక, ఒక కుటుంబాన్ని పలకరించినట్లు, అనుమతి అడిగి మాత్రమే సంప్రదించాలి.

ఏ సినగాగ్‌కైనా వెళ్ళదలిస్తే ముందుగా మెయిల్ రాసి, మీరు ఎవరో, ఎందుకు వస్తున్నారో స్పష్టంగా చెప్పండి. భద్రత కారణంగా గుర్తింపు కార్డు అడుగుతారు, దానికి నొచ్చుకోకండి. శుక్రవారం సాయంత్రం రాసిన మెయిల్‌కు శనివారం రాత్రి వరకు జవాబు రాకపోవచ్చు. న్యూయార్క్‌లో షబ్బాత్ ముగిసేసరికి మనకు ఆదివారం తెల్లవారుతూ ఉంటుంది కాబట్టి, అక్కడికి రాసేవారు ఆదివారం సాయంత్రం రాయడం అనుకూలం.