కారు పెయింట్ కరెక్షన్ నేర్చుకుందాం – 4వ పాఠం: టెస్ట్ స్పాట్

పోయిన పాఠంలో కారు కడిగి, క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద) పట్టించి, ఆరబెట్టి, రబ్బరు బీడింగులకూ నల్ల ప్లాస్టిక్ భాగాలకూ మాస్కింగ్ టేపు వేయడం దాకా వచ్చాం. ఈసారి పెయింట్ మీది సన్న గీతలు పోగొట్టే పాలిషర్ మెషీన్ చేతికి తీసుకుంటాం. కానీ పని మాత్రం బానెట్ మీద అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు చోటు దాటదు. టెస్ట్ స్పాట్ అంటే ఆ ముక్కే. దాని చుట్టూ టేపు వేసుకోండి. మిగతా కారంతా ఎలా చేయాలో అదే చెబుతుంది.

ఒకేసారి బానెట్ మొత్తం ఎందుకు చేయకూడదంటే, క్లియర్ కోట్ (రంగు పైన ఉండే పారదర్శక పొర) మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లే. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. గీత పోవడమంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత అడుగు దాకా అరగదీయడమే. అరిగిపోయింది మళ్లీ రాదు, పైన ఏ కోటింగ్ వేసినా ఆ లోటు తీరదు. అందుకే తక్కువ కోసే (అంటే తక్కువ అరగదీసే) ప్యాడ్, తక్కువ కోసే పాలిష్ మందుతో మొదలుపెట్టి, అవసరమైతేనే పైకి వెళ్లాలి. పైగా కంపెనీని బట్టి, రంగును బట్టి పెయింట్ గట్టిదనం మారుతుంది. ఒక కారు మీద బాగా పనిచేసిన కంపౌండ్ (ఎక్కువ కోసే మందు) ఇంకోదాని మీద మసక వదలొచ్చు.

పెయింట్ గేజ్ ఉంటే ముందు కొలవండి. అది చూపించేది ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపిన మందం. క్లియర్ కోట్ ఎంతుందో విడిగా చెప్పదు. ఎక్కువ కార్లలో 100–150 మైక్రాన్ల మధ్య వస్తుంది. ఒక్క డోర్ మీదే 200 దాటితే ఆ డోర్‌కు బయట మళ్లీ పెయింట్ పడిందనుకోవాలి. దానికి టెస్ట్ స్పాట్ విడిగా చేయాలి. గేజ్ లేకపోతే ఫినిషింగ్ ప్యాడ్ దగ్గరే ఆగడం మేలు.

మెషీన్ డ్యూయల్ యాక్షన్‌దే (ప్యాడ్ తిరుగుతూనే చిన్న సున్నాలు చుట్టేది) వాడండి, త్రో (ఆ సున్నా వెడల్పు) 15 మి.మీ., ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేటు 5 అంగుళాలు. రోటరీ (ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే మెషీన్) వేగంగా కోస్తుంది గానీ, చేయి కుదరని వాళ్ల చేతిలో హోలోగ్రామ్ మరకలు (వెలుగులో కదులుతున్నట్టు కనిపించే పాలిషర్ జాడలు) వదులుతుంది, అంచు దగ్గర రంగు దాకా కోసేస్తుంది. బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక నిలువు గీత పెట్టండి. ఈ చిన్న గీత చాలా ముఖ్యం. పని చేస్తున్నప్పుడు అది తిరుగుతూ కనిపించాలి. తిరగకుండా అక్కడే వణుకుతుంటే ప్యాడ్ కోయడం దాదాపు ఆగిపోయినట్టే. మీరు మరీ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ ఒక పక్కకు ఒరిగింది.

ఇక పని. మెత్తని ఫోమ్ ఫినిషింగ్ ప్యాడ్ తీసుకుని, ఫైన్ పాలిష్‌ను ప్యాడ్ ముఖమంతా పల్చగా చేత్తో పట్టించండి. తర్వాత శనగగింజంత చుక్కలు నాలుగు వేయండి. మెషీన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ను పెయింట్‌కు ఆనించాలి, లేకపోతే మందు గోడల మీదికి చిమ్ముతుంది. 1వ స్పీడ్‌లో ముక్కంతా పరిచి, 4 లేదా 5కు పెంచండి. సెకనుకు 4–5 సెం.మీ. కన్నా వేగంగా జరపొద్దు. ఒక వరుస మీద సగం కమ్మేలా పక్క వరుస రావాలి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డం, మళ్లీ నిలువు. ఇలా నాలుగు పాస్‌లకు మూడు నిమిషాలు పడుతుంది. మొదట్లో తెల్లగా కనిపించే మందు చివరికి పల్చని నూనె పొరలా అయి, వెనకున్న రంగు కనిపిస్తుంది. అక్కడ ఆపండి. ఎండేదాకా తిప్పితే దుమ్ము లేస్తుంది, కొత్త సన్న గీతలు పడతాయి.

తుడిచాక మెరుపు చూసి సంబరపడొద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో కూర్చుని వాటిని కప్పేస్తాయి. 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఒక వంతు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏడు వంతులు కలిపి స్ప్రే చేసి, శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టతో తుడవండి. అప్పుడు ఎల్ఈడీ టార్చ్ పట్టండి. వెలుగు చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులా ఉన్న సన్న గీతలే అవి. టార్చ్ జరిపితే గూడు కూడా జరుగుతుంది. పొడి గుడ్డతో రోజూ దుమ్ము దులిపితే వచ్చేవి ఇవే. నూటికి ఎనభై పోతే చాలు. గోరుకు తగిలేంత లోతు గీతల జోలికి వెళ్లొద్దు. అవి పోయేదాకా కోస్తే క్లియర్ కోట్ మిగలదు.

సరిపోలేదా? ముందు మందు మార్చకుండా, కాస్త ఎక్కువ కోసే పాలిషింగ్ ప్యాడ్ వేయండి. అప్పటికీ కాకపోతే మీడియం పాలిష్, ఆఖరున కటింగ్ ప్యాడ్‌తో కంపౌండ్. ప్రతిసారీ ముక్క పక్కన కొత్త ముక్క తీసుకోండి, ఒకేచోట అన్నీ ప్రయత్నించొద్దు. కంపౌండ్ తర్వాత గీతలు పోయి పొగమంచు లాంటి మసక మిగిలితే కంగారు పడక్కర్లేదు, ఫైన్ పాలిష్ దాన్ని తీసేస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది వేడి దగ్గరే. మే నెలలో ఎండలో నిలిపిన బానెట్ మీద మందు నిమిషంలో ఎండిపోయి అంటుకుపోతుంది. నీడలో, అరచేయి హాయిగా ఆనేంత చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. బంపర్ల దగ్గర ఇంకా జాగ్రత్త, ప్లాస్టిక్ వేడిని వదలదు కాబట్టి అక్కడ పెయింట్ త్వరగా కాలుతుంది. స్పీడ్ 3 దాటకండి. ప్రతి ముక్క అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో రుద్దండి. అరిగిన పెయింట్, ఎండిన మందు అందులోనే పేరుకుంటే ప్యాడ్ కోయదు, గీకుతుంది.

కుదిరిన కూర్పును టేపు ముక్క మీద రాసి అద్దానికి అంటించండి: ప్యాడ్, మందు, స్పీడ్, పాస్‌లు. వచ్చే పాఠంలో ఆ లెక్కతోనే బానెట్ పూర్తి చేసి, డోర్ల మీది బాడీ లైన్ల దగ్గర ప్యాడ్ ఎలా తిప్పాలో చూస్తాం.