పిల్లలకు మొదటి విల్లు కొనే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసి వేసవి శిబిరాలు మొదలయ్యాయంటే, విలువిద్యలో చేరిన పిల్లలు సొంత విల్లు కావాలని పట్టుపట్టడం విజయవాడ ఇళ్లలో మామూలే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, అక్కడే పురుషుల రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) జట్టుతో రజతం సాధించిన బొమ్మదేవర ధీరజ్ ఇద్దరూ ఈ ఊరి వారే కావడంతో, ఆ కోరికను కాదనడం పెద్దలకూ కష్టమే. అయితే విల్లు ఎంపికలో జరిగే పొరపాటు గురిని చెడగొట్టడంతో ఆగక భుజాన్నీ, చేతినీ గాయపరుస్తుంది కనుక, డబ్బు చెల్లించే ముందే కొన్ని విషయాలు చూసుకోవాలి.

ముందుగా క్రాస్‌బో, అంటే ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు సంగతి. ఆన్‌లైన్‌లో బొమ్మ తుపాకీలా ముచ్చటగా కనిపించే ఈ పరికరాన్ని మొదటి విల్లుగా కొనవద్దనే నేను గట్టిగా చెబుతాను. వేట కోసం తయారయ్యే క్రాస్‌బోలలో చాలావాటి లాగుడు బరువు (నారిని పూర్తిగా లాగడానికి కావలసిన బలం) 150 నుంచి 200 పౌండ్ల వరకు ఉంటుంది. నారిని వెనక్కి లాగి తగిలించాక ఆ శక్తి అంతా ట్రిగ్గర్ మీద ఆగి ఉంటుంది. చాలా నమూనాల్లో, టార్గెట్‌లోకి బాణం వదిలితే తప్ప దాన్ని సురక్షితంగా దించే వీలు లేదు. ముందు భాగాన్ని పట్టుకున్న చేతి బొటనవేలు ఏమరుపాటున నారి ప్రయాణించే దారిలోకి లేచిందంటే వేలు తెగుతుంది. పైగా వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 వేటను నిషేధించింది, ఒలింపిక్స్‌లో క్రాస్‌బో పోటీ లేదు. ఇక పిల్లవాడు దానితో ఏ దారిలో ముందుకు వెళ్లాలి?

మిగిలినవి వెదురు విల్లు, రికర్వ్, చివరల్లో కప్పీలుండే కాంపౌండ్. దేశీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఆడేవారు వెదురు విల్లుతో మొదలుపెడతారు. కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేరడంతో దాని మీద మోజు పెరగవచ్చు గాని, ఎదిగే పిల్లల చేతి కొలత మారినప్పుడల్లా కప్పీలను సరిచేయవలసి రావడం, నారి మార్చాలంటే విల్లును వంచి పట్టే ప్రత్యేకమైన ప్రెస్ అవసరం కావడం వల్ల, పక్కన కోచ్ లేని ఇంటికి అది తగదు. మధ్యలో పిడి, పైనా కిందా ఊడదీయగల లింబులు (వంగే బద్దలు) ఉండే రికర్వ్ మొదటి విల్లుగా అన్నిటికన్నా అనువైనది, ఎందుకంటే బలం పెరిగేకొద్దీ లింబులు మాత్రమే మార్చుకుంటే సరిపోతుంది.

కొలతల విషయంలో తొందర పనికిరాదు. పిల్లల రెండు కళ్లలో ఏది గురి పట్టే కన్నో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి కుడిచేతి విల్లో, ఎడమచేతి విల్లో నిర్ణయించాలి. రెండు చేతులూ బార్లా చాపినప్పుడు వేలి కొన నుంచి వేలి కొన వరకు ఉన్న దూరాన్ని రెండున్నరతో భాగిస్తే లాగుడు పొడవు, అంటే నారిని ఎంత దూరం లాగుతారో సుమారుగా తెలుస్తుంది. 65 అంగుళాలుంటే 26 అంగుళాలన్నమాట. లింబు మీద ముద్రించే పౌండ్లు సాధారణంగా 28 అంగుళాల లాగుడుకు లెక్కకట్టినవి, అంగుళం తగ్గితే రెండు పౌండ్ల దాకా తగ్గుతాయి. అందువల్ల 24 పౌండ్లని రాసి ఉన్న విల్లు, 25 అంగుళాలు లాగే పిల్లవాడి చేతిలో దాదాపు 18 పౌండ్లే ఇస్తుంది, అతడు పొడుగెదిగేకొద్దీ అదే విల్లు బరువెక్కుతుంది. పది, పన్నెండేళ్ల పిల్లలకు చేతిలో 14 నుంచి 18 పౌండ్లు, పెద్దవారికి 20 నుంచి 24 పౌండ్లు చాలు. "రేపు ఎటూ పెరుగుతాడు కదా" అని బరువైన విల్లు అంటగట్టే దుకాణదారుడి మాట వినవద్దు. నారి లాగడానికి పిల్లవాడు విల్లును ఆకాశం వైపు ఎత్తుతున్నా, పూర్తిగా లాగి పది సెకన్లు నిలిపేలోగా భుజం వణుకుతున్నా, ఆ విల్లు అతడికి బరువే. ఈ పరీక్షను టార్గెట్ ఎదుట, బాణం ఎక్కించి, సాధన ముగిసే వేళ అలసిన చేతితో చేయించాలి.

విల్లు కన్నా బాణం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. నారిని పూర్తిగా లాగినప్పుడు బాణం మొన విల్లు మీది ఆనిక (బాణం ఆనే చోటు) కన్నా కనీసం రెండు అంగుళాలు ముందుకు ఉండాలి. పొట్టి బాణం ఆనిక వెనక్కి జారి, వదిలిన మరుక్షణం విల్లు పట్టిన చేతిలోనే దిగబడుతుంది. గత వేసవిలో సరిపోయిన బాణాలు ఈ వేసవికి పొట్టివై ఉండవచ్చు గనుక, అన్నయ్య బాణాలు తమ్ముడికి ఇవ్వవచ్చునేమో గాని తమ్ముడివి అన్నయ్యకు ఇవ్వకూడదు. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ వాడే ముందు రెండు చివరలా పట్టుకుని, ముఖానికి దూరంగా, మెల్లగా వంచి తిప్పుతూ శ్రద్ధగా వినాలి. చిటపటమన్న శబ్దం వచ్చినా, గీత కనిపించినా పారేయాలి. పగిలిన కార్బన్ బాణం వదిలే క్షణంలో చీలిపోతే, సన్నని పీచులు చేతిలో గుచ్చుకుంటాయి, వాటిని తీయించుకోవడానికి ఆసుపత్రికే వెళ్లాలి.

పాత విల్లు చవగ్గా దొరికితే తీసుకోవచ్చు, కానీ లింబుల అంచుల వెంట దూదిని పోనివ్వండి. ఎక్కడైనా పీచు పట్టుకుందంటే అక్కడ పొర లేస్తోందని అర్థం. నారి ఎక్కించి చివరి నుంచి చూస్తే అది లింబుల మధ్యగా సాగాలి, పక్కకు ఒరిగి కనిపిస్తే లింబు మెలితిరిగినట్టే. బాణం లేకుండా నారి లాగి వదిలే అలవాటు పిల్లలకు మొదటి రోజే మాన్పించాలి. బాణంలోకి పోవలసిన శక్తి లింబుల్లోకే తిరిగి వచ్చి, అవి చిట్లే ప్రమాదం ఉంది. విల్లుకు నారి ఎక్కించడానికి దాన్ని కాళ్ల మధ్య వంచకుండా స్ట్రింగర్ తాడు వాడాలి.

మేలో బెజవాడ ఎండ కొన్ని రోజుల్లో 45 డిగ్రీలు దాటవచ్చు, మూసి ఉంచిన కారులో వేడి అంతకన్నా ఎక్కువ. ఆ వేడికి లింబుల జిగురు సడలుతుంది, అందుచేత విల్లును కారు డిక్కీలో వదిలి వెళ్లకూడదు. సాధన తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం పిల్లలకూ, విల్లుకూ మంచిది.

డాబా మీద సాధన వద్దు. తేలికపాటి విల్లు నుంచి ఎత్తుగా వెళ్లిన బాణం కూడా వంద మీటర్లు దాటగలదు, పటమట, సత్యనారాయణపురం వంటి చోట్ల ఆ దూరంలో ఎన్ని ఇళ్లున్నాయో చూడండి. శిబిరం మైదానంలో కూడా అందరూ బాణాలు వదిలాకే, కోచ్ చెప్పాకే ముందుకు నడవాలి. జడను వెనక్కి ముడిచి, చున్నీని నడుముకు బిగించి, మెడలో గొలుసు తీసి, ఆర్మ్ గార్డ్ (ముంజేతి కవచం), ఫింగర్ ట్యాబ్ (నారి లాగే వేళ్ల తొడుగు) వేసుకున్నాకే విల్లు పట్టాలి. బాణాలు పీకే చోట పిల్లలు పరిగెత్తకూడదు, ఎందుకంటే టార్గెట్‌లో దిగిన బాణాల తోకలు సరిగ్గా వారి కళ్ల ఎత్తున ఉంటాయి. పీకేవారు పక్కన నిలబడి, ఒక అరచేతిని టార్గెట్‌కు ఆనించి, రెండో చేత్తో బాణాన్ని మొదలుకంటా పట్టుకుని తిన్నగా లాగాలి, ఆ సమయంలో వెనుక ఎవరూ నిలబడకూడదు.