ఇంట్లో పాదరసం ఎక్కడుందో పట్టుకోవడం, ముందు దేన్ని మార్చాలి

పాదరసం అనగానే జ్వరం చూసే గాజు థర్మామీటరే గుర్తొస్తుంది. కానీ మీరు ముందు వెతకాల్సింది మందుల డబ్బాలో కాదు, అద్దం ముందున్న క్రీముల్లో. రంగు తేలుతుందనీ మచ్చలు పోతాయనీ అమ్మే కొన్ని క్రీముల్లో, సబ్బుల్లో పాదరస లవణాలు కలుపుతారు, ఎందుకంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అవి అడ్డుకుంటాయి. థర్మామీటర్‌లోది పగిలేదాకా గాజు లోపలే ఉంటుంది, క్రీములోది మాత్రం రోజూ ఒంట్లోకి ఇంకుతూనే ఉంటుంది. దానివల్ల కిడ్నీలు దెబ్బతింటాయి. పైగా రాసుకున్నవాళ్ళతో ఆగదు, తువ్వాళ్ళకూ దిండు గలీబులకూ అంటుకుని ఇంట్లో పసిపిల్లల దాకా చేరుతుంది.

డబ్బా మీద పాదరసం పేరు తేలిగ్గా తెలిసేలా రాయరు. కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురిక్ అయోడైడ్ అని కనిపిస్తే అదే. వెండి, బంగారం, అల్యూమినియం వస్తువులకు తగలనివ్వొద్దని రాసి ఉన్నా అనుమానించాలి. అసలు ఏమేం కలిపారో రాయని క్రీమ్ అయితే నా మాట విని వాడకండి, ఎంత దగ్గరివాళ్ళు తెచ్చిచ్చినా సరే. పాదరసం వాడకాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న, 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందం ఇలాంటి క్రీములను ఆపాలని చెప్పినా అవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. దీనికి బదులు ఏం కొనాలని అడక్కండి, ఈరోజే ఆపేయండి, మచ్చల సంగతి చర్మ వైద్యులకు వదిలేయండి. చాలాకాలంగా వాడుతుంటే ఆ డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మూత్ర పరీక్షలో ఒంట్లో పాదరసం ఎంతుందో తెలుస్తుంది.

ఇక గాజు సామాన్లు. థర్మామీటర్ లోపలి గీత ఎర్రగానో నీలంగానో ఉంటే అది రంగు కలిపిన ఆల్కహాల్, భయం లేదు. వెండిలా మెరుస్తుంటే, పాదరసం లేదని దానిమీదే స్పష్టంగా రాసి ఉంటే తప్ప, పాదరసమనే అనుకోండి. డిజిటల్ థర్మామీటర్ కొనుక్కుని దీన్ని పక్కన పెట్టేయొచ్చు. అంతకంటే పెద్ద సమస్య పాతకాలం బీపీ మిషన్, నిలువు గాజు గొట్టం ఉండేది. థర్మామీటర్‌లో ఉండేది గ్రాము అటూఇటూ అయితే దీనిలో వంద గ్రాముల దాకా ఉండొచ్చు. విప్పి చూడాలని అస్సలు అనుకోవద్దు, మూసి, నిలబెట్టి, పిల్లలకు అందనిచోట ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. డిజిటల్‌ది కొనేటప్పుడు చేతికి చుట్టే పట్టీ మీ చేతి కొలతకు సరిపోతుందో లేదో చూసుకోండి, సరిపోకపోతే రీడింగ్ తప్పు వస్తుంది. గాలి పీడనం కొలిచే పాత బారోమీటర్లు, గది వేడిని అదుపు చేసే గోడకుండే పాత థర్మోస్టాట్లు, పాత బటన్ సెల్స్ (గుండీలంత బ్యాటరీలు) కూడా ఇదే కోవలోకి వస్తాయి.

సీఎఫ్‌ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఒక్కోదాంట్లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, వెలుగుతున్నవాటిని హడావుడిగా పీకి పారేయడం కంటే అవి పోయినప్పుడు ఎల్‌ఈడీ పెట్టుకోవడమే నయం. ట్యూబ్ బదులు ఎల్‌ఈడీ ట్యూబ్ బిగించేటప్పుడు పాత చోక్, స్టార్టర్ ఉంచాలా తీసేయాలా అన్నది ట్యూబ్ రకాన్ని బట్టి మారుతుంది, పెట్టె మీద చూసి చేయండి, అర్థం కాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పోయిన బల్బుల్ని చెత్తబుట్టలో వేయకుండా, పగలకుండా అట్టపెట్టెలో దాచి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి.

థర్మామీటర్ పగిలితే చాలామంది మొదట చీపురు అందుకుంటారు, అది చేయకూడని పని. చీపురు ఆ ఒక్క బొట్టును వంద బొట్లు చేస్తుంది, వాక్యూమ్ క్లీనర్ అయితే ఆవిరి చేసి ఇల్లంతా చల్లుతుంది. అసలు హాని ఆ ఆవిరి పీల్చడం వల్లే, అది కంటికి కనపడదు, వాసన రాదు. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, బయటికి తెరుచుకునే కిటికీలు తీయండి. ఏసీ ఆపేయండి. ఉంగరాలు, గాజులు తీసేయండి, పాదరసం బంగారానికి అంటుకుపోతుంది. గ్లవ్స్ వేసుకుని, రెండు గట్టి అట్టముక్కలతో బొట్లను మెల్లగా ఒకచోటికి తోసి, సూది లేని సిరంజితోనో ఇంక్ ఫిల్లర్‌తోనో పీల్చి, మూత గట్టిగా పట్టే సీసాలో వేయండి. మిగిలిన నలుసుల్ని టేపుకు అంటించి తీయొచ్చు. లైట్లు ఆర్పి, టార్చ్‌ను నేలకు ఆనించినట్టు పట్టుకుని చూస్తే దాక్కున్న బొట్లు తళుక్కుమంటాయి. సింకులోనో టాయిలెట్‌లోనో పోయొద్దు. పాదరసం పడిన బట్టల్ని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, అట్టముక్కలు, టేపు, గ్లవ్స్‌తో సహా అన్నీ కవర్‌లో మూటకట్టి ఆ సీసాతోపాటే ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయండి. కార్పెట్ మీద పడితే ఆ మేరకు కోసి తీసేయడమే, ఉతికితే పోదు.